ఆంట్‌వెర్ప్ రేవు, వాల్ఖరెన్ గండి: యుద్ధంలో అవసరమూ అపరాధమూ

సముద్రానికి దూరంగా, నది ఒడ్డున వెలసిన రేవు పట్టణాన్ని పట్టుకోవడం ఒక ఎత్తు, ఆ రేవును వాడుకోగలగడం మరొక ఎత్తు. 1944 సెప్టెంబరు 4న బ్రిటిష్ 11వ ఆర్మర్డ్ డివిజన్ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలోకి ప్రవేశించినప్పుడు, స్థానిక ప్రతిఘటన దళాలు ముందుగానే జాగ్రత్తపడి జర్మన్ల విధ్వంస ప్రయత్నాలను అడ్డుకోవడం వల్ల, ఐరోపాలోని పెద్ద రేవుల్లో ఒకటైన ఆ రేవు తన క్రేన్లతో, లాకులతో, గోదాములతో సహా దాదాపు చెక్కుచెదరకుండా మిత్రరాజ్యాల చేతికి వచ్చింది. అయితే నగరానికీ సముద్రానికీ మధ్య షెల్డ్ నది సుమారు 80 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఆ దారి పొడవునా రెండు ఒడ్లూ జర్మన్ సేనల అధీనంలోనే ఉన్నాయి, నదీమార్గంలో మైన్లు పరిచి ఉన్నాయి. మొదటి సరుకు ఓడల వరుస రేవును చేరింది నవంబరు 28న. ఈ రెండు తేదీల మధ్యనున్న 85 రోజుల్లో, శత్రువు చెరలో ఉన్న ఒక మిత్రదేశపు ద్వీపాన్ని మిత్రరాజ్యాలే సముద్రపు నీటితో ముంచివేశాయి. యుద్ధనీతిని గురించి క్రైస్తవ వేదాంతులూ తత్త్వవేత్తలూ శతాబ్దాలుగా చర్చించుకున్న ప్రశ్నలు ఆ చర్యలో ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, వారు సాధారణంగా అడగకుండా వదిలేసిన ఒక ప్రశ్న కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ద్వీపం పేరు వాల్ఖరెన్. షెల్డ్ నదీముఖానికి ఉత్తరపు ఒడ్డున, నెదర్లాండ్స్‌లోని జీలాండ్ రాష్ట్రంలో ఉన్న ఈ భూభాగం పళ్ళెం లాంటిది: చుట్టూ ఇసుక దిబ్బలు, దిబ్బలు లేని చోట మనుషులు కట్టిన కరకట్టలు, మధ్యలో సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉన్న పల్లపు నేల. ఆ నేలలో పొలాలు, పండ్ల తోటలు, ఊళ్ళు, మిడిల్‌బర్గ్ అనే పాత నగరం ఉన్నాయి. దిబ్బల మీద జర్మన్లు నిర్మించిన తీరరక్షక ఫిరంగులు నదీముఖంలోకి ఏ ఓడనూ రానిచ్చేవి కావు. సెప్టెంబరు చివర అస్వస్థుడైన క్రెరార్ స్థానంలో కెనడా ఒకటో సైన్యానికి తాత్కాలిక సేనాపతి అయిన గై సైమండ్స్, కరకట్టలకు బాంబులతో గండ్లు కొట్టి ద్వీపపు లోపలి భాగాన్ని ముంచితే శత్రువు కదలికలు స్తంభించిపోతాయనీ, ఆ గండ్ల గుండానే నేల మీదా నీటి మీదా నడిచే వాహనాలతో లోపలికి చొరబడవచ్చుననీ ప్రతిపాదించాడు. అది సాధ్యం కాదని ఇంజనీర్లు తొలుత అభిప్రాయపడినా ఆయన పట్టు విడవలేదు. అక్టోబరు 2న ద్వీపవాసులను హెచ్చరిస్తూ కరపత్రాలు జారవిడిచారు. మరునాడు రెండు వందలకు పైగా లాంకాస్టర్ బాంబర్లు వెస్ట్‌కపెల్లె అనే ఊరి వద్దనున్న ప్రాచీనమైన కరకట్టను బద్దలు కొట్టాయి. ఊరు దాదాపు నేలమట్టమైంది. నూట యాభై మందికి పైగా గ్రామస్థులు మరణించారు. వారిలో నలభై మందికి పైగా ఒక గాలిమరను ఆశ్రయించినవారు. శిథిలాలు బయటికి వచ్చే దారిని మూసివేయగా, గండి నుంచి లోపలికి వచ్చిన నీటిలో వారు మునిగిపోయారు. తరువాతి రోజుల్లో మరికొన్ని చోట్ల గండ్లు కొట్టారు. ద్వీపంలో అధిక భాగం ఉప్పునీటి పాలై, ఆటుపోట్లతో పాటు రోజుకు రెండుసార్లు నీరు వచ్చిపోతూ ఉండగా, నిరాశ్రయులు మిడిల్‌బర్గ్‌లోని మెరక వీధుల్లో కిక్కిరిసిపోయారు.

ఈ చర్యను తూచడానికి క్రైస్తవ నీతిశాస్త్రంలో సిద్ధంగా ఉన్న తక్కెడ ద్విఫల సూత్రం. ఒకే చర్యకు ఒక మంచి ఫలం, ఒక చెడ్డ ఫలం తప్పనిసరిగా కలిగేటప్పుడు ఆ చర్య చేయవచ్చునా అన్నది అది తేల్చే విషయం. 13వ శతాబ్దంలో తామస్ అక్వినాస్ తన వేదాంత సంగ్రహంలో ఆత్మరక్షణ కోసం చేసిన హత్యను చర్చిస్తూ, మనిషి చేసే పనికి నీతిపరమైన రూపాన్నిచ్చేది అతడు ఉద్దేశించిన ఫలమే కాని ఉద్దేశానికి వెలుపల జరిగినది కాదని చెప్పిన మాట ఈ సూత్రానికి బీజం. తరువాతి వేదాంతులు దాన్ని నాలుగు నిబంధనలుగా బిగించారు: చేసే పని దానికదే పాపం కాకూడదు, చెడ్డ ఫలాన్ని కర్త కోరకూడదు, మంచి ఫలం చెడ్డ ఫలం ద్వారా సిద్ధించకూడదు, మంచికీ చెడుకూ మధ్య తగిన నిష్పత్తి ఉండాలి. 1539లో సలమాంకా విశ్వవిద్యాలయంలో యుద్ధ న్యాయంపై ఉపన్యసించిన ఫ్రాన్సిస్కో దె విటోరియా, నిర్దోషులను ఉద్దేశపూర్వకంగా చంపడం ఎన్నటికీ తగదని చెబుతూనే, కోటపై ఫిరంగులు పేల్చేటప్పుడు లోపల నిర్దోషులు ఉన్నారని తెలిసినా కొన్ని సందర్భాల్లో పేల్చవచ్చునని, కాని ఆ కోట యుద్ధఫలితానికి అంతగా ముఖ్యం కానప్పుడు కొద్దిమంది దోషుల కోసం అనేకమంది నిర్దోషులను బలిపెట్టరాదని కూడా హెచ్చరించాడు.

వాల్ఖరెన్ గండిని ఈ తక్కెడలో ఉంచితే ఫలితం పైకి కనిపించినంత సులభంగా తేలదు. కరకట్టను పగలగొట్టడం దానికదే పాపమని చెప్పలేము. గ్రామస్థుల మరణాన్ని ఎవరూ కోరలేదు. వారు ఊరు విడిచి వెళ్ళి ఉంటే సైమండ్స్ పథకానికి ఏ లోటూ వచ్చేది కాదు కాబట్టి ఆ మరణాలు విజయానికి సాధనాలు కావు. కాని నేల మునగడం విషయం వేరు. నీరు పొలాల్లోకి రావడమే పథకం. పొలాల నాశనం పక్కనుంచి వచ్చిపడిన ఫలం కాదు, అదే సాధనం. అందువల్ల ఒకే బాంబు విషయంలో, ఒకే నీటి విషయంలో, ప్రాణనష్టానికి ఒక తీర్పు, భూనష్టానికి మరొక తీర్పు చెప్పవలసి వస్తుంది. అయితే ఆ నష్టం కూడా బ్రతుకుతెరువు నష్టమే, ఉప్పు తిన్న నేల ఏళ్ళ తరబడి పంటకు రాదు. ఆస్తిని సాధనంగా నాశనం చేయవచ్చు, ప్రాణాన్ని చేయరాదు అనే భేదం పుస్తకంలో చక్కగా నిలుస్తుంది కాని, రైతు ప్రాణం అతని నేలతో ఎంతగా పెనవేసుకుని ఉంటుందో తెలిసిన ఏ డెల్టా ప్రాంతపు మనిషికైనా ఆ గీత అంత దిట్టంగా కనిపించదు.

ఇక్కడే పాత గ్రంథాలు ద్విఫల సూత్రం కన్నా సూక్ష్మంగా మాట్లాడతాయి. బైబిలులోని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం, పట్టణాన్ని ఎన్నాళ్ళు ముట్టడించినా దాని చుట్టూ ఉన్న ఫలవృక్షాలను గొడ్డలితో నరకరాదని శాసించింది. నెదర్లాండ్స్‌కే చెందిన హ్యూగో గ్రోషియస్, 1625లో వెలువడిన యుద్ధశాంతి న్యాయ గ్రంథంలో ఒక అధ్యాయాన్ని ప్రత్యేకించి శత్రుభూమిని పాడుచేయడంలో పాటించవలసిన మితం గురించే రాశాడు. భారతీయ సంప్రదాయంలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. మనుస్మృతి ఏడవ అధ్యాయం శత్రువును ముట్టడించిన రాజు అతని గడ్డిని, ధాన్యాన్ని, నీటిని, వంటచెరకును పాడుచేయాలనీ చెరువులకు గండి కొట్టాలనీ నిస్సంకోచంగా చెబుతుంది. కౌటిల్యుడు కూడా ముట్టడిలో పంటను ధ్వంసం చేయడాన్ని కాదనడు. అయితే దుర్గాలను వశపరచుకునే ఉపాయాలను వివరించే పదమూడవ అధికరణంలో, జనం లేని జనపదమూ జనపదం లేని రాజ్యమూ ఉండవన్న కారణం చూపి, అక్కడి ప్రజలకు అభయమివ్వాలనీ, కదిలిపోయినవారిని రాయితీలతో, పన్ను మినహాయింపులతో తిరిగి నిలదొక్కుకునేలా చేయాలనీ విధిస్తాడు. ఆయనది కరుణ కాదు, లెక్క; ఆ లెక్కలో మాత్రం రైతు మాయమవడు. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఈ గ్రంథాలన్నీ మాట్లాడేది శత్రుభూమిని గురించే. విడిపించడానికి వచ్చినవారే విడుదల కోసం ఎదురుచూస్తున్నవారి నేలను ముంచే సందర్భం వాటి ఊహకు అందినట్లు లేదు.

డచ్చివారి చరిత్రలో అలాంటి సందర్భం ఒకటి మాత్రం లేకపోలేదు. స్పెయిన్ సైన్యం లైడెన్ నగరాన్ని ముట్టడించి ఆకలితో మాడ్చినప్పుడు, తిరుగుబాటుదారులు తమ ప్రాంతపు కరకట్టలనే తెగ్గొట్టి పొలాల మీదుగా పడవలు నడిపి నగరాన్ని విడిపించారు. ఆ విముక్తి దినం 1574 అక్టోబరు 3. వెస్ట్‌కపెల్లె కరకట్ట పగిలింది సరిగ్గా 370 ఏళ్ళ తరువాత, అదే తేదీన. తేదీల కలయికకు అర్థం వెతకడం జ్యోతిషం పని కాని, రెండు ఘటనల మధ్య భేదం మాత్రం ఆలోచించదగినది. లైడెన్ విషయంలో నీటిని వదలాలని నిర్ణయించింది ఆ ప్రాంతపు ప్రతినిధి సభలు. నష్టమూ విముక్తీ ఒకే సమాజానివి. వాల్ఖరెన్ విషయంలో నిర్ణయించినది వేరొకరు, మునిగింది వేరొకరు. సమ్మతి ఉంటే తప్పు తొలగిపోతుందని దీనర్థం కాదు. 1574లో మునిగిన పొలాల రైతులను కూడా ఒక్కొక్కరినీ ఎవరూ అడగలేదు. 1938 జూన్‌లో, నదీతీర రేవు నగరమైన వుహాన్ వైపు జపాన్ సైన్యం సాగకుండా చైనా ప్రభుత్వం తన సొంత రైతుల మీదికే పసుపు నదిని వదిలినప్పుడు లక్షలాది మంది నశించారు. పాలకుడూ పాలితుడూ ఒకే దేశం వారు కావడం ఆ చర్యను ఏమాత్రం పునీతం చేయలేదు.

మరొక వైపు వాదనను కూడా తక్కువ చేయరాదు. నార్మండీ తీరం నుంచి లారీల మీద సరుకు మోసుకుంటూ జర్మనీ సరిహద్దు వరకు సాగిన సైన్యాలకు ఇంధనమూ మందుగుండూ అందక నడక ఆగిపోయింది. ఆంట్‌వెర్ప్ తెరుచుకోకుండా యుద్ధం ముందుకు సాగదు. యుద్ధం సాగినంత కాలం నిర్బంధ శిబిరాల్లో హత్యలు సాగుతాయి. పశ్చిమ నెదర్లాండ్స్‌లో ఆ చలికాలం వచ్చిన కరవులో సుమారు 20,000 మంది మరణించారు. షెల్డ్ పోరులో కెనడా ఒకటో సైన్యం పక్షాన హతులు, క్షతగాత్రులు, ఆచూకీ తెలియనివారు కలిసి 12,873 మంది, వారిలో దాదాపు సగం, అంటే 6,367 మంది కెనడా వారు. గండ్లు కొట్టకపోతే ఈ సంఖ్య పెరిగేదని సైమండ్స్ నమ్మాడు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో చెప్పడం కష్టం: నీరు జర్మన్లను దిబ్బల మీదికి నెట్టి వారి కదలికలను కట్టడి చేసింది, నవంబరు 1న వెస్ట్‌కపెల్లె గండి వద్ద దిగిన దళాలు ఆ గండిని వాడుకున్నాయి, కాని ఓడలను అసలు అడ్డుకుంటున్న ఫిరంగుల్లో చాలావాటికి, అవి దిబ్బల మీద ఉన్నందువల్ల, నీరు అందనే లేదు, వాటిని మనుషులు ఎదురుగా వెళ్ళి ప్రాణాలొడ్డి పట్టుకోవలసి వచ్చింది.

నిష్పత్తి గురించిన ఈ వాదప్రతివాదాలు ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. 1944 ఫిబ్రవరిలో చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ బ్రిటిష్ ప్రభువుల సభలో లేచి నగరాల మీద విచక్షణ లేని బాంబుదాడిని ఖండించాడు. అదే ఏడాది సెప్టెంబరులో, అంటే షెల్డ్ ఒడ్డున పోరు ముదురుతున్న వేళ, అమెరికాలో జెస్యూట్ వేదాంతి జాన్ ఫోర్డ్ నగర విధ్వంసక బాంబుదాడి ద్విఫల సూత్రం కింద ఎందుకు సమర్థనీయం కాదో వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. యుద్ధం తరువాత ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ ఆ సూత్రాన్ని సమర్థిస్తూనే దాని దుర్వినియోగాన్ని ఎండగట్టింది: చేసే పనిని మార్చకుండా, నా ఉద్దేశం ఇది కాదు అని మనసులో అనుకున్నంత మాత్రాన ఉద్దేశం మారదని ఆమె వాదం. 1977లో మైకేల్ వాల్జర్ మరొక మెట్టు ఎక్కి, నిర్దోషులకు హాని కోరకపోవడం చాలదు, ఆ హానిని తగ్గించడానికి సైనికులు తమ మీద అదనపు ప్రమాదాన్ని వేసుకోవాలని కూడా ఉద్దేశించాలని ప్రతిపాదించాడు. ఈ గీటురాయి మీద కరపత్రాల విలువ ఏమిటి? విడిచి వెళ్ళమని చెప్పడం హెచ్చరికే. కాని చుట్టూ సముద్రం, లోపల శత్రుసైన్యం, ఒక్క రోజు వ్యవధి ఉన్నప్పుడు, ముసలివారితో పిల్లలతో ఉన్న కుటుంబం ఆ హెచ్చరికను ఏం చేసుకోగలదన్నది అడగక తప్పదు.

ఇంతవరకు చెప్పిన సిద్ధాంతాలన్నిటిలోనూ ఒక సమాన లక్షణం ఉంది. అవన్నీ అక్టోబరు 3 ఉదయాన్నే మొదలవుతాయి. సేనాపతి ముందు రేవు ఉంది, ద్వీపం ఉంది, శత్రువు ఉన్నాడు, కాలం మించిపోతోంది. ఇప్పుడు ఏమి చేయాలి? ఈ విధంగా ప్రశ్న వేసినప్పుడు అవసరం అనేది ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువులా కనిపిస్తుంది. షెల్డ్ విషయంలో ఆ అవసరానికి పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. నౌకాదళాధిపతి బెర్‌ట్రామ్ రామ్సే సెప్టెంబరు 3ననే, అంటే నగరం చిక్కడానికి ముందురోజే, నదీముఖాన్ని స్వాధీనం చేసుకోకపోతే రేవు ఎందుకూ పనికిరాదనీ శత్రువు దానిని మైన్లతో సులభంగా మూసివేయగలడనీ లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. అప్పటికి జర్మన్ 15వ సైన్యం నదికి దక్షిణాన చిక్కుబడి, చెల్లాచెదురై ఉంది. కాని సేనాపతుల చూపు రైన్ నది మీద ఉంది. ఆ నదిని దాటడానికి సెప్టెంబరు 17న మొదలైన మార్కెట్ గార్డెన్ దాడికి వనరులన్నీ మళ్ళాయి. ఆ వ్యవధిలో ఆ జర్మన్ సైన్యం నుంచి సుమారు 80,000 మంది బ్రెస్కెన్స్ వద్ద పడవలెక్కి నది దాటి తప్పించుకున్నారు, వారిలో కొందరు ఆ తరువాత అదే నదీముఖాన్ని కాపాడారు. ఆంట్‌వెర్ప్‌కు దారులు తెరవడం ఎంత కష్టమో తక్కువగా అంచనా వేసి పొరబడ్డానని బ్రిటిష్ సేనాపతి మాంట్‌గొమరీ 1958లో తన స్మృతుల్లో ఒప్పుకున్నాడు. వాల్ఖరెన్‌ను ముంచక తప్పని స్థితి అక్టోబరులో నిజంగానే ఉండి ఉండవచ్చు. సెప్టెంబరు మొదటి వారంలో అది లేదు.

మధ్యయుగపు వేదాంతులకు ఈ రకమైన చిక్కుముడి పరిచితమే. ఏమి చేసినా పాపమే అయ్యే స్థితి మనిషికి కలుగుతుందా అని వారు చర్చించారు. 12వ శతాబ్దపు గ్రేషియన్ చర్చి చట్టాల సంకలనంలో రెండు కీడుల మధ్య చిక్కినవాడు తక్కువ కీడును ఎంచుకోవాలన్న సమాధానం కనిపిస్తుంది. అక్వినాస్ దానిని ఒప్పుకోలేదు. దేవుని ధర్మం తనతో తాను విరోధించదు కాబట్టి ఎవడూ నిరపేక్షంగా అలాంటి చిక్కులో పడడు; ముందు చేసిన ఒక తప్పు మీద ఆధారపడి మాత్రమే పడతాడు, ఆ తప్పును విడిచిపెడితే చిక్కూ విడిపోతుంది అని ఆయన నిర్ణయం. కీర్తి కోసం దానం చేసేవాడు దానం చేసినా తప్పే, కర్తవ్యమైన దానాన్ని మానినా తప్పే. కాని కీర్తికాంక్షను వదిలేసి దానం చేస్తే ఏ తప్పూ లేదు. ఈ పరిష్కారంలోని అందమంతా, వెనకటి తప్పు ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని ఎప్పుడైనా పారవేయవచ్చు అన్న భావన మీద నిలబడి ఉంది. చరిత్రలో జరిగే తప్పులు ఆ జాతివి కావు. సెప్టెంబరు 4 నాటి అవకాశాన్ని అక్టోబరులో ఎవరూ తిరిగి తెచ్చుకోలేరు. పశ్చాత్తాపం నదిని దాటిపోయిన సైన్యాన్ని వెనక్కి రప్పించదు. అందుచేత అక్వినాస్ చూపిన తలుపు షెల్డ్ ఒడ్డున మూసే ఉంది, ఆయన నిర్ధారణ మాత్రం మిగిలింది: చిక్కు ఉన్నదంటే దాని వెనుక ఎవరిదో ఒక తప్పు ఉంది.

సేనాపతి అంచనా పొరపాటును పాపం అనడం న్యాయమా అన్న ఆక్షేపణ వస్తుంది. వేదాంతులు దీనికీ ఒక భేదాన్ని చెప్పారు: ప్రయత్నించినా తెలుసుకోలేని అజ్ఞానం దోషాన్ని తొలగిస్తుంది, శ్రద్ధ పెడితే తొలగించుకోగలిగిన అజ్ఞానం తొలగించదు. రామ్సే హెచ్చరిక కాగితం మీద ఉంది కనుక ఇక్కడ అజ్ఞానం రెండో రకానిదే. అయినా దోషిని వేలుపెట్టి చూపడం తేలిక కాదు. నిర్లక్ష్యం ఒకరిది కాదు, మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ నుంచి కింది సేనాపతుల వరకు పంచుకున్నది. గండి కొట్టించిన సైమండ్స్ ఆ నిర్లక్ష్యానికి కారకుడు కాదు, దాని ఫలితాన్ని వారసత్వంగా పొందినవాడు. బాంబు వదిలిన ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఇవేవీ తెలియవు. తప్పు చేసినవాడొకడు, దాని మూలంగా తప్పనిసరి అయిన కీడు చేసినవాడు మరొకడు, అనుభవించినవాడు ఇంకొకడు అయినప్పుడు, దోషి-నిర్దోషి అన్న రెండే గదులున్న ఆధునిక నీతిశాస్త్రం వాళ్ళందరినీ నిర్దోషి గదిలోకి తోసి తలుపు వేసుకుంటుంది. చనిపోయిన నూట యాభై మందికి పైగా జనం ఏ పద్దులోనూ ఎక్కరు.

ప్రాయశ్చిత్తం అనే మూడో గది పూర్వులకు ఉండేది. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బేసిల్, యుద్ధంలో చంపడాన్ని తన పూర్వులు హత్యగా లెక్కించలేదని అంగీకరిస్తూనే, చేతులు శుభ్రంగా లేవు కాబట్టి అలాంటి సైనికులు మూడేళ్ళు ప్రభురాత్రి భోజన సంస్కారానికి దూరంగా ఉంటే మంచిదని సలహా ఇచ్చాడు. పోపు ఆశీస్సులతో ఇంగ్లండును జయించిన నార్మన్ సైనికులకు సైతం, 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం తరువాత కొన్నేళ్ళలోనే, పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ ఆధ్వర్యంలో ప్రాయశ్చిత్త నియమావళి వెలువడింది: చంపిన ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క సంవత్సరం; గాయపరిచి, బ్రతికాడో చచ్చాడో తెలియకపోతే మనిషికి నలభై రోజులు. అందులో అన్నిటికన్నా గమనార్హమైనది విలుకాండ్రకు సంబంధించిన నియమం. దూరం నుంచి బాణాలు వదిలేవారికి తాము ఎందరిని చంపారో తెలిసే అవకాశం లేదు కాబట్టి, వారు మూడు నలభై రోజుల ఉపవాస కాలాలు పాటించాలని విధించారు. కొన్ని వేల అడుగుల ఎత్తు నుంచి కరకట్ట మీద బాంబులు వదిలినవారి స్థితిని గురించి 20వ శతాబ్దం ఇంతకు మించి శ్రద్ధగా ఆలోచించిందని చెప్పడం కష్టం.

తెలుగు పాఠకులకు ఈ ఆలోచన కొత్తది కాదు, తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వం అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ధర్మరాజుది ధర్మయుద్ధమని కృష్ణుడూ వ్యాసుడూ నారదుడూ ఎంత చెప్పినా ఆయన దుఃఖం తీరదు. ఆ దుఃఖం అజ్ఞానమని తోసిపుచ్చినవారే చివరికి అశ్వమేధం చేసి పాపం కడుక్కొమ్మని చెబుతారు. యుద్ధం ధర్మమైతే కడుక్కోవడానికి పాపమెక్కడిది? ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని ఒక తార్కికుడు అనవచ్చు. కాని కుదరకపోవడమే ఇక్కడ విషయం. అదే పర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంలో, కరవు కాలంలో చండాలుని ఇంట కుక్క మాంసం దొంగిలించిన విశ్వామిత్రుడు ప్రాణం నిలుపుకోవడం ధర్మమని గట్టిగా వాదిస్తాడు, ఆ వాదంలో గెలుస్తాడు కూడా. అయినా ఆ తరువాత తపస్సుతో ఆ పాపాన్ని కాల్చుకున్నాడని కథ చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో బోధించిన బిమల్ కృష్ణ మతిలాల్ మహాభారతంలోని ధర్మసంకటాలను పాశ్చాత్య నీతిశాస్త్రం పక్కన పెట్టి చదివినప్పుడు ఆయనకు ఆకర్షణీయంగా కనిపించినది, పరిష్కరించిన తరువాత కూడా మిగిలిపోయే ఈ అవశేషమే. బెర్నార్డ్ విలియమ్స్ 1960లలో ఇదే విషయాన్ని మరొక దారిన చేరుకున్నాడు: రెండు కర్తవ్యాల్లో ఒకదాన్ని సరిగ్గానే ఎంచుకున్నా, నెరవేర్చని రెండోది రద్దు కాదు, అది విచారంగా మిగిలి ఉంటుంది. అయితే విలియమ్స్ చెప్పే విచారం కర్త మనసులోనిది, ధర్మరాజు యజ్ఞం మాత్రం నలుగురి ఎదుట, ఖజానా ఖర్చుతో జరిగినది. ప్రాయశ్చిత్తాన్ని మనోభావంగా మార్చడంలో ఆధునికులు పోగొట్టుకున్నది చిన్నది కాదు.

జీలాండ్ ప్రాంతంలో బలంగా వేళ్ళూనుకున్న కాల్వినిస్టు విశ్వాసం ఈ చర్చకు ఇంకొక ఇబ్బందిని జోడిస్తుంది. ఆ సంప్రదాయంవారు 1563 నుంచి పిల్లలకు నేర్పే హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, వానా కరవూ ఆరోగ్యమూ రోగమూ ఏదీ యాదృచ్ఛికం కాదని, అన్నీ దేవుని పితృహస్తం నుంచే వస్తాయని బోధిస్తుంది. సముద్రం తనంతట తాను కట్ట తెంచుకున్నప్పుడు ఆ మాటను భక్తుడు కన్నీళ్ళతో స్వీకరించగలడు. కట్టను తెంచింది కెనడా సేనాపతి పథకమూ బ్రిటిష్ విమానాలూ అయినప్పుడు ఆ మాటకు అర్థమేమిటి? మానవ చర్యలు కూడా దైవసంకల్పంలోనివేనని కాల్వినిస్టు వేదాంతం చెబుతుంది, కాని మానవ కర్త బాధ్యత దానివల్ల తగ్గదని కూడా అంతే గట్టిగా చెబుతుంది. రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్ని పట్టుకుంటే విమోచకుల యుద్ధం ప్రశ్నకు అందనిదైపోతుంది. ఐరోపా విజయోత్సవాల్లో తరచుగా జరిగింది అదే.

నేల మీద జరిగినది కొంత మెరుగు. 1945లో డచ్చి ఇంజనీర్లు నార్మండీ తీరంలో కృత్రిమ రేవుల కోసం తయారైన భారీ కాంక్రీటు పెట్టెలను తెచ్చి గండ్లలో ముంచి, చివరి గండిని 1946 ఫిబ్రవరిలో పూడ్చగలిగారు. ఆ ప్రయత్నం మీద దెన్ దోలార్ట్ అనే రచయిత నవల రాశాడు. చచ్చిపోయిన చెట్ల స్థానంలో కొత్తవి నాటారు, పొలాల సరిహద్దులను ప్రత్యేక చట్టంతో తిరిగి గీశారు. కౌటిల్యుడు విధించిన పునరావాసం ఆ విధంగా జరిగింది, నీరు వదిలినవారి ప్రాయశ్చిత్తంగా కాక నష్టపోయిన దేశపు సొంత కష్టంగా. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం 56వ అధికరణం ఆనకట్టలను, కరకట్టలను దాడి నుంచి రక్షించవలసిన నిర్మాణాల్లో చేర్చింది. సైనిక చర్యలకు అవి క్రమంగా, నేరుగా, గణనీయంగా తోడ్పడుతున్నప్పుడు, మరో మార్గం లేనప్పుడు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మరో మార్గం ఎందుకు లేకుండా పోయిందని ఆ అధికరణం అడగదు, అడగడం దాని పనీ కాదు.

పదవ శతాబ్దంలో బైజాంటియన్ చక్రవర్తి నికెఫోరస్ ఫోకాస్ యుద్ధంలో మరణించిన తన సైనికులందరినీ హతసాక్షులుగా ప్రకటించాలని చర్చిని కోరాడు. ఆయన పోరాడుతున్నది విధర్మీయులతో, గెలుస్తున్నది పూర్వం తమవే అయిన నగరాలను. కోరికలో అనౌచిత్యం ఉందని ఆనాటి సైన్యంలో ఎవరికీ తోచి ఉండదు. పేట్రియార్క్ పాలియుక్టస్ నిరాకరించాడు. ఆయన యుద్ధాన్ని ఖండించలేదు, సైనికులను నిందించలేదు, చక్రవర్తి విజయాల కోసం ప్రార్థనలు ఆపలేదు. మూడేళ్ళు సంస్కారానికి దూరంగా ఉండమన్న బేసిల్ నియమం ఇంకా రద్దు కాలేదని మాత్రం గుర్తుచేశాడు.